బాపమ్మ మడమలు, నా నల్లరాయి

డిగ్రీ చదివే ఆ రోజుల్లో విద్యార్థి అంటే పుస్తకాలు మోసేవాడనే నమ్మకం నాకు గట్టిగా ఉండేది. రాళ్లు కూడా మోయాలని మా భూగర్భశాస్త్రం సారు నేర్పారు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడేది కనుక మేం ఆయన్ని భూతద్దం సార్ అనేవాళ్లం (ఆయనకు వినపడకుండా). ఒక శుక్రవారం ఆయన బస్తాలోంచి తలా ఒక నల్లరాయి తీసి ఇచ్చి, లావా గట్టిపడేటప్పుడు లోపల చిక్కుకున్న వాయువుల బుడగలే ఈ చిల్లులని చెప్పి, అవి ఎన్నున్నాయో, ఎంతెంత ఉన్నాయో కొలిచి సోమవారం తెమ్మన్నారు. ప్రాక్టికల్ మార్కులన్నీ దాని మీదే.

యాకుత్‌పురాలోని మా రెండు గదుల ఇంట్లో లెక్క మొదలుపెట్టాను. నూట పదికి రాగానే ఎవరో తలుపు కొట్టేవారు, నూట నలభైకి కుక్కర్ కూసేది. మళ్లీ ఒకటి నుంచి. చూసి చూసి మా బాపమ్మ (నాన్నమ్మ), "రాయి బొక్కలు లెక్కవెట్టనీకేనా బిడ్డా, నీకు బస్ పాస్ తీసిచ్చింది?" అంది. ఆదివారం సాయంత్రానికి ఎలాగో లెక్క తేల్చి రాయిని కిటికీలో పెట్టాను.

పొద్దున లేచేసరికి అది స్నానాల గదిలో ఉంది. బాపమ్మ బట్టల సబ్బు పట్టించి దాంతో మడమలు రుద్దుకుంటోంది. నేను ఏడుపు ముఖం పెడితే, "మంచి రాయి దెచ్చినవ్, బజార్ల గిట్లాంటిది దొరకది" అని మెచ్చుకుంది. చిల్లుల్లో ఇరుక్కున్న సబ్బు పిన్నీసుతో గీకినా రాలేదు. కాలేజీ చేరేసరికి ఎండి తెల్లగా మెరుస్తోంది.

సారు దాన్ని చూసి కుర్చీలోంచి లేచారు. బుడగల్లో తెల్లని ఖనిజం నిండిందని, ఇచ్చేటప్పుడు తాను గమనించనే లేదని, క్లాసునంతా చుట్టూ నిలబెట్టి అరగంట చెప్పారు. ఆపైన ఒక చుక్క ఆమ్లం వేశారు. బుసబుసమని పొంగింది (బట్టల సబ్బులో సోడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు). సున్నపు ఖనిజమేనని తేలిందనుకుని ఆయన ముఖం వెలిగిపోయింది.

"దీన్ని మన అద్దాల బీరువాలో పెడదామమ్మా, నీ పేరు రాసి."

ఇక ఆగలేకపోయాను. "సార్, అది మా బాపమ్మ సబ్బు సార్."

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. రాయి బల్ల మీద పెట్టి, భూతద్దం తుడుచుకుని, బస్తాలోంచి ఇంకో రాయి తీసి నా చేతిలో పెట్టారు. ఆ వారమంతా బాపమ్మ మీద, సారు మీద, లావా మీద కూడా మండిపడుతూ మళ్లీ లెక్కపెట్టాను.

ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. నేను నోరు విప్పేటప్పటికి క్లాసు గంట కొట్టడానికి పది నిమిషాలే ఉన్నాయి. అప్పటి నేననే ఆ పిల్ల నిజాన్ని మర్నాటిదాకా దాచి ఉంటే, ఆయన ఒక్క సాయంత్రమైనా ఆ సంతోషంతో ఇంటికి వెళ్లేవారు. అంత తొందరపాటు నిజాయితీ ఇరవై ఏళ్ల లోపు వయసులోనే కుదురుతుంది కాబోలు.