ఓబుళమ్మ చేనికి అందని బొమ్మకాలువ

ఉద్యోగంలో ఆఖరి మూడేళ్ళు మైదుకూరు దగ్గర చిన్ననీటిపారుదల సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేశాను. చేరింది ఎండలు తగ్గని ఒక జూన్ నెలలో. పదో తరగతి దాకా అమ్మే ఇంట్లో చదువు చెప్పి ప్రైవేటుగా పరీక్ష రాయించింది. పాలిటెక్నిక్, ఈ కొలువు ఆ తర్వాతి మాట. అందుకేనేమో, ఏ ఊరికి బదిలీ అయినా కుర్చీలో కూర్చున్న వెంటనే ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని. అక్కడ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బల్ల మీద ఒక ప్లాస్టిక్ రైల్వేస్టేషన్ ఉంది.

అది మా డి.ఇ. శేషారెడ్డి గారిది. డి.ఇ. అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, నా పై అధికారి. ఆయన బల్ల నిండిపోతే దాన్ని నా బల్ల మీద పెట్టారు. పిల్లలు ఒకదానికొకటి తగిలించి ఆడుకునే ఇటుకలతో నిజమైన కట్టడాలను ఉన్నది ఉన్నట్టు కట్టడం ఆయన సరదా. కడపలో ఒక పళ్ళ డాక్టరు, ఒక లెక్చరరు, ఈయన ఆదివారాలు అదే పని మీద కూర్చునేవారు. నేను చర్చిలో ఎంత భక్తిగా ఉండేదాన్నో వాళ్ళూ అక్కడ అంతే. వాళ్ళకు ఆజ్ఞలు రెండే: ఇటుకను కోయరాదు, జిగురు పూయరాదు. టిక్కెట్ల కిటికీకి సరైన రంగు ఇటుక దొరక్క స్టేషన్ పని నెలల తరబడి ఆగిందట. మా శాఖకు సిమెంటు రాక పనులు ఆగినప్పుడు ఆయన అంత దిగులుపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు మాకు ఒక చెరువు కింది పంటకాలువను వెడల్పు చేసే పని మంజూరైంది. నేల కొనడానికి నిధులు లేవు. గట్టు వెంట కొంత నేల ఊరికే ఇస్తామని రైతులంతా ఒప్పుకుంటేనే టెండరు పిలవాలి. అందరూ ఒప్పుకున్నారు, చిట్టచివరి చేను ఓబుళమ్మ తప్ప. ఆమెకు ఉన్నది రెండెకరాలు. వెనుకటిసారి కాలువకని నేల ఇచ్చింది. పని ఆమె చేనికి రాకముందే ఆగిపోయింది. నేలా పోయింది, నీళ్ళూ రాలేదు. ఈసారీ అంతే అయితే మిగిలింది బీడే. నేను ప్లాను పరిచి చూపిస్తే మర్యాదగా చూసి, మడిచి నా చేతికే ఇచ్చింది.

“కాగితం అర్థం కాదమ్మా. కట్టి చూపిద్దాం” అన్నారు డి.ఇ. గారు. కాలువకు ఎస్టిమేటు వేసినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు.

బడి వరండాలో సమావేశం పెట్టాం. చెరువు, తూము, కాలువ, చేలు, అన్నీ రంగురంగుల ఇటుకలే. తూము పక్కనే మొదటి చేను నాగిరెడ్డిది. వంగి చూసి మురిసిపోయాడు.

“శానా బాగుండాది సారూ! నా మోటరు కొట్టం గూడా పెట్టినావే. దీనికి తలుపుండాది, నా కొట్టానికి యాడుండాదప్పా?”

అంతటితో ఊరుకోకుండా “నీళ్ళు పారుతాయేమో చూద్దాం” అని, డి.ఇ. గారు వద్దనేలోపే తూములో చెంబెడు నీళ్ళు పోశాడు. జిగురు లేని కట్టడం కదా, సందుసందునా కారింది. “కాంట్రాక్టరు ఎవురు సారూ?” అని వెనుక నుంచి ఎవరో అడిగారు. మిగిలిన నీళ్ళు సగం దూరంలో నిలిచిపోయాయి.

నీరు పారడానికి కాలువ అడుగుకు మేం సన్నటి వాలు ఇస్తాం. బొమ్మ సైజుకు కుదిస్తే ఆ వాలు కాగితం మందం కూడా ఉండదు. ఇటుకకు ఒకటే ఎత్తు, కోయడానికి ఆజ్ఞ ఒప్పుకోదు. కాబట్టి, వాలు తప్పిన ఏ కాలువకూ సర్వీసంతా బిల్లు పాస్ చేయని పెద్దమనిషి, సరదాలో మాత్రం బల్లపరుపు కాలువ కట్టారు.

“చూడు మేడమ్మా” అంది ఓబుళమ్మ నాతో. “బొమ్మలో గూడా నా చేనికి నీళ్ళు రాలా.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చెంబు తీసుకుని, అడుగున మిగిలిన నీళ్ళను తన చేను దగ్గరే పోసింది.

“ఈణ్ణించి మొదులుపెట్టండి. నా చేనికాడ తొవ్వి, తూముకాడికి పోండి. అప్పుడు ఏలిముద్ర ఏస్తా.”

కాలువ పని తూము దగ్గర మొదలుపెట్టి కిందికి రావడం మా అలవాటు. నిధులు చాలకపోతే ఆగేది ఎప్పుడూ చివర్లోనే. కింది నుంచి తవ్వకూడదని మాత్రం ఎక్కడా లేదు. అడుగు ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో ఆ లెవెల్స్ ముందే గుర్తులు పెట్టుకుంటే చాలు. నాగిరెడ్డి మాత్రం మురిపెం మాని ఓబుళమ్మ వైపు తిరిగాడు.

“ఏమ్మే, అట్లయితే నా చేనికాడ ఆగిపోతే?”

“ఆగితే నువ్వు ఆపీసుకు పోయి అరుస్తావు లేప్పా. నా గొంతు ఈ వరండా గూడా దాటదు.”

డి.ఇ. గారు తడిసిన చెరువును రుమాలుతో తుడిచారు. తర్వాత “అట్లే కానీండి” అన్నారు. ఓబుళమ్మ వేలిముద్ర వేసింది. తవ్వకానికి గుర్తుగా మేం మొదట సున్నంతో ముగ్గు పోసింది ఆమె చేను గట్టు మీదే.

అనుకున్నట్టే పని నాగిరెడ్డి చేను దగ్గరికొచ్చి నిధుల్లేక ఆగింది. ఆయన మా ఆఫీసుకు వచ్చి అరిచాడు, కడపకు పోయి పెద్దాఫీసులోనూ అరిచాడు. పని పూర్తయింది. ఆ పంటకారుకు ఓబుళమ్మ చేలో నీళ్ళు పారాయి. అందుకు దేవునికీ, ఆయన తర్వాత నాగిరెడ్డికీ కృతజ్ఞురాలిని.

రిటైరయ్యేదాకా నా చేతి మీదుగా జరిగిన పంటకాలువ పనులన్నీ చివరి చేను నుంచే మొదలుపెట్టించాను. ఏ పనైనా మధ్యలో ఆగే అవకాశం ఉంటుంది. ఆగితే గట్టిగా అడగగలవాడి వంతు ఆఖరున ఉండాలి.