తుడవని బోర్డు

బాన్సువాడ పక్కన నిజాంసాగర్ కాలువ నీళ్ళ మీద బతికే క్యాంపు ఒకటుంది. ఎప్పుడో కోస్తా జిల్లాల నుంచి వచ్చి వరి పొలాలు కొనుక్కుని పాతుకుపోయినవాళ్ళ ఊరు. దసరా సెలవులివ్వడం ఆలస్యం, అక్కడి బడిపిల్లలంతా అమ్మమ్మగారి ఊళ్ళకు బస్సెక్కేస్తారు. క్యాంపులో మిగిలేది బడి ముఖం చూడని పిల్లలే. గేదెలు కాసేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు. బడే లేనివాళ్ళకు సెలవులెక్కడివి?

1999లో సినిమావాళ్ళు సరిగ్గా ఆ సెలవులు చూసుకునే దిగారు. పనిచేసే పిల్లల మీద, చదువు మీద సినిమా అట. బడి ఖాళీగా దొరికింది, బాగానే ఉంది. తీరా చూస్తే బెంచీల మీద కూర్చోబెట్టడానికి పిల్లలు లేరు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. చివరికి దొరికినవాళ్ళనే పోగుచేసి యూనిఫాం తొడిగారు. బడికి వెళ్ళనివాళ్ళతో బడి నిండిపోయింది. ఇంత వింత ఆ సినిమా కథలో కూడా లేదు.

అలా బడిలో కూర్చున్నవాళ్ళలో జమ్లి ఒకతె. పిట్లం అవతల తండా పిల్ల, పదేళ్ళది. తండ్రి హేమ్లా, తల్లి ఏటా చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోతారు. అంతకుముందు ఏడు వెళ్తూ వెళ్తూ జమ్లిని ఏడుకొండలు, సుబ్బరత్నమ్మల ఇంట్లో దింపారు. వాళ్ళ మనవరాలు యశస్వి నెలల పిల్ల. దాన్ని ఎత్తుకోవాలి, తిండీ బట్టా వాళ్ళే చూసుకుంటారు. తిరిగొచ్చాక తీసుకుపోతామన్నారు. తిరిగొచ్చారు కూడా. కూతురు కాస్త ఒళ్ళు చేసి ఉండటం చూసి, ఇక్కడైతే కడుపు నిండుతోంది కదా అనుకుని, తల నిమిరి తండాకు వెళ్ళిపోయారు.

సుబ్బరత్నమ్మ చెడ్డ మనిషి కాదు. అసలు చిక్కంతా అదే. కొట్టే మనిషైతే పారిపోవచ్చు, తిట్టే మనిషైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. అడిగి అడిగి అన్నం పెట్టే మనిషి చేతిలోంచి ఎలా బయటపడతారు? పైగా చంక దిగితే చాలు, యశస్వి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది.

సినిమాలో పనిపిల్ల వేషం హైదరాబాదు నుంచి కారులో వచ్చిన అమ్మాయిది. పెద్ద స్కూల్లో చదువుతుందట. ఆ అమ్మాయి కోసం కుట్టించిన చిరుగుల గౌను ఎంత మట్టి పూసినా పాతగా కనబడలేదు. డైరెక్టరు చూపు జమ్లి మీద పడింది. ఒంటిమీది గౌను విప్పించి ఆ అమ్మాయికి తొడిగారు, జమ్లికి తెల్ల చొక్కా, నీలం గౌను ఇచ్చారు. సినిమా పిల్ల చంకలోకి యశస్విని కూడా ఎక్కించారు. ఆ అమ్మాయి యశస్విని ఎత్తుకుని కిటికీ బయట నిలబడి బడిలోకి ఆశగా చూడాలి. యశస్వి ఊరుకుంటుందా? గుక్కపట్టి ఏడ్చింది. చివరికి లోపల రెండో బెంచీలో ఉన్న జమ్లి కెమెరాకు అందకుండా మూతి తిప్పుతూ, కళ్ళెగరేస్తూ దాన్ని ఊరుకోబెట్టాల్సొచ్చింది. బడిలో కూర్చున్నా చాకిరీ తప్పలేదన్నమాట.

అయినా జమ్లి ఆ రోజుల్లో గాలిలో తేలింది. టీచరు వేషం వేసినావిడ పేర్లు పిలిచేది. జమ్లి లేచి "ఉన్నాను టీచర్" అనాలి. సినిమాలో తన పేరు కమల అట. ఏ పేరైతేనేం, పిలిచారు కదా! బోర్డు మీద మూడు ముక్కలు రాసి ఉండేవి: వాన కురిసింది. వాగు నిండింది. పడవ కదిలింది. ఎన్ని రోజులు తీసినా సినిమాలో అదంతా ఒకే రోజు కాబట్టి బోర్డు ఎవరూ తుడవకూడదని గట్టి ఆజ్ఞ. షాటు తీసిన ప్రతిసారీ పిల్లలు పలకలు తుడిచి అవే మూడు ముక్కలు మళ్ళీ దింపుకోవాలి. మిగతా పిల్లలు కోడిగీతలు గీకారు. జమ్లి మాత్రం టీచరమ్మ చదువుతుంటే వింటూ, వేలితో చూపిస్తుంటే చూస్తూ, కళ్ళు మూసుకుని రాయగలిగేదాకా నేర్చుకుంది.

షూటింగు అయిపోయింది. యూనిఫాం విప్పించుకున్నారు. గౌను వెనక్కి ఇచ్చారు. పిల్లల్ని వాడుకోనిచ్చినందుకు డైరెక్టరు ఏడుకొండలుకు ఒక పెద్ద ఫొటో పంపాడు. బడి గది, ముందు టీచరమ్మ, పక్కన నవ్వుతూ ఏడుకొండలు, రెండో బెంచీలో పలకతో జమ్లి. దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. జమ్లి రోజూ ఇల్లూడుస్తూ అక్కడ ఒక్క క్షణం ఆగేది. తను బడిలో ఉన్న ఒకే ఒక్క చోటు అది.

మరుసటి వేసవిలో రత్తయ్యగారి గేదెలు కాసే సుమన్ కాలువ గట్టు మీద ఒక కబురు మోసుకొచ్చాడు. వాడిదీ జమ్లి తండానే.

"జమ్లీ, జీపేస్కొని సార్లొస్తుండ్రట. పనిజేసే పోరగాళ్ళను దీస్కపోయి శిబిరంల పెట్టి చదువు చెప్తరట. తర్వాత బడిల వేస్తరట."

"అందర్నా?"

"ఏమో. ఏందో రాపిస్తరట. గది చూసి దీస్కపోతరట."

"నువ్వేం ఫికర్ జెయ్యకు, నేను నేర్పిస్త" అంది జమ్లి. ఆ మాట అనేటప్పటికే దాని గుండె జీపెక్కేసింది. రాసినవాళ్ళకే కదా చోటు, రానివాళ్ళనెవరు తీసుకుపోతారు అని దాని లెక్క. అందులో తప్పేముంది? లోకంలో ఎక్కడైనా వచ్చినవాడికే కదా పెద్దపీట. ఆ రోజు నుంచి గొడ్లపాక వెనక గోడ మీద బొగ్గుముక్కతో వాన కురుస్తూనే ఉంది, వాగు నిండుతూనే ఉంది. సుమన్‌కు మాత్రం వా దగ్గరే వేళ్ళు మొరాయించేవి.

జీపు రానే వచ్చింది. అందులోంచి దిగిన సారు వరండాలో నిలబడి, యశస్విని ఎత్తుకుని ఉన్న జమ్లిని చూశాడు.

"ఈ అమ్మాయి ఎవరండీ?"

ఏడుకొండలు మాట తడబడలేదు. "మా ఇంటి పిల్లేనండి. బడికెళ్తుంది. కావాలంటే లోపల ఫొటో చూడండి."

సారు హాల్లోకెళ్ళి ఫొటో పరికించాడు. అది సినిమాది అని ఎవరూ చెప్పలేదు. వెనక్కి తిరిగి, "ఇందుల ఉన్నది నువ్వేనా బిడ్డా?" అన్నాడు.

"నేనే సార్!" జమ్లి ముఖం వెలిగిపోయింది.

సారుకు ఇంకా అనుమానమే. జేబులోంచి సుద్దముక్క తీసి, "ఏదన్న రాసి చూపియ్యి" అన్నాడు. దాని కోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురుచూసింది! యశస్విని దింపి, వరండా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. యశస్వి వీపు పట్టుకుని ఏడుస్తున్నా పట్టించుకోలేదు. మూడు ముక్కలూ రాసింది. గుండ్రంగా, వరుస తప్పకుండా, చివర చుక్కలతో సహా రాసి, తలెత్తి చూసింది.

"మస్తు రాసినవ్ బిడ్డా" అన్నాడు సారు. ఏడుకొండలు వైపు తిరిగి, "మేం బడి మొఖం చూడని పిల్లలనే తీస్కపోతున్నమండీ. ఈ పిల్లకు మా అవసరం లేదు. మంచిగ చదివిస్తున్నరు" అని చేతులు జోడించాడు.

జమ్లికి ఆ మాట ఎక్కడానికి కాసేపు పట్టింది. అప్పటికే జీపు రత్తయ్య ఇంటి ముందుంది. నేల మీద వంకరగీత గీసి, పరీక్ష పోయిందని ఏడుస్తున్న సుమన్‌ను జీపెక్కిస్తున్నారు. జమ్లి యశస్విని చంకనేసుకుని పరుగెత్తింది.

"సార్, నాకు రాదు సార్! గదొక్కటే వస్తది! ఇంకేం రాదు, ఒట్టు సార్!"

సారు నవ్వాడు. మంచివాడు, ముద్దుగానే నవ్వాడు. "దోస్తుతోని పోదామనా? అబద్ధాలాడొద్దు బిడ్డా. గంత ముద్దుగ రాసినవ్."

జీపు కాలువ గట్టెక్కింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ సుమన్ వెనక్కి తిరిగి జమ్లినే చూశాడు. యశస్వి చంకలో హాయిగా నవ్వింది. సుబ్బరత్నమ్మ వరండా నేల తుడవబోయి, ఎందుకో ఆ పూటకు వదిలేసింది. సాయంత్రం కల్లాపికి అదీ పోయింది.

చెరుకు కొట్టి తిరిగొచ్చిన తండ్రితో జమ్లి అంతా చెప్పుకుంది. "రాసుడు వచ్చె గద, ఇంకేంది?" అన్నాడు హేమ్లా, మురిసిపోతూ. ఇక ఎవరికి చెప్పాలి?

ఆ తర్వాత బాలల దినోత్సవానికి టీవీలో ఆ సినిమా వేయడం మొదలుపెట్టారు. 2004లోనూ వేశారు. జమ్లికి పదిహేనేళ్ళు, యశస్వి ఒకటో తరగతి. "జమ్లీ, నువ్వొస్తున్నావు, రా!" అని హాల్లోంచి కేక వినబడగానే తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. తెర మీద కమల లేచి "ఉన్నాను టీచర్" అంది. కిటికీ బయటి పనిపిల్ల చివరికి బడిలోకి వచ్చింది. బెంచీల మీది పిల్లలంతా చప్పట్లు కొట్టారు, జమ్లి కూడా. సుబ్బరత్నమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పాపం, ఆ పిల్ల బతుకు బాగుపడింది. జమ్లీ, పొయ్యి మీద పాలు చూడు."

జమ్లి వెళ్ళి పాలు దించింది. యశస్వి నోటుబుక్కు పట్టుకుని వెనకాలే వచ్చింది. టీవీలో బోర్డు చూసి రాసుకుందట, మూడు ముక్కలూ తప్పుల్లేకుండా ఉన్నాయి.

"పడవ కదిలింది. తర్వాత పడవ ఎక్కడికెళ్ళింది జమ్లీ? నువ్వు ఆ క్లాసులో ఉన్నావుగా, చెప్పు."

"గంతే బుజ్జీ" అంది జమ్లి. "తర్వాతది బోర్డు మీద రాయలే."