ఆవిరి చేరని డ్రమ్ము

ఆ ఆస్పత్రిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆవిరక్కే. ఆపరేషన్లకు వాడే బట్టలూ దూదీ స్టీలు డ్రమ్ముల్లో సర్ది, పెద్ద మిషన్లో పెట్టి, ఆవిరితో క్రిములు చంపడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే గది, అదే ఉక్క. డ్రమ్ము చుట్టూ చిల్లులుంటాయి, వాటి మీద జరిపే రేకు ఉంటుంది. మిషన్లోకి పెట్టేటప్పుడు చిల్లులు తెరవాలి, తీయగానే మూసేయాలి. ఈ ఒక్కటీ తప్పితే ఆ గదిలో చేసేదంతా ఒట్టి వేషమే.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే అందరికంటే ముందు లేచేది కూడా ఆవిరక్కే. ప్రభువు తనకు సింహం గుండె ఇచ్చాడని మైకు అదిరేలా చెప్పేది. ఇంటికొచ్చాక అత్త చెవిలోని వినికిడి మిషన్ సరిచేసుకుంటూ అనేది, "చర్చిలో పులివి, ఆస్పత్రిలో పిల్లివి. నీ సింహం సోమవారం సెలవు పెడుతుందటే?"

నవ్వుతాలకన్న మాటే. కానీ అది నిజమని ఆవిరక్కకు తెలుసు కాబట్టి ఒళ్లు మండేది. కోపం అత్త మీద కాదు, తన మీదే.

ఎనిమిది నెలల కిందట కట్ల మూట ఒకటి తడిగా బయటికొచ్చింది. తడి మూటలోకి క్రిములు ఇట్టే చేరతాయి, మళ్లీ ఆవిరికి పెట్టి తీరాలి. ఆ మాటే ఆమె హెడ్ సిస్టర్‌తో అంది. "ఆరిపోతుందిలే, పంపు. పైన కేసు బల్ల మీదుంది," అంది హెడ్ సిస్టర్. ప్రభువా నువ్వే చూసుకో అనుకుని పంపేసింది. ఆ కట్లు ఒక వెల్డింగ్ మేస్త్రి మోకాలికి వాడారు. వారానికి చీము పట్టింది, నెల తిరక్కుండా కాలు తీసేశారు. ఇంటి దగ్గర పుండు శుభ్రంగా ఉంచుకోలేదని ఆస్పత్రివాళ్లు కాగితం రాసి చేతులు దులుపుకున్నారు. కాలు తీసిన రోజు మేస్త్రి భార్య ఎవరు ఎవరో తెలియక, ఆవిరి గది గుమ్మం దగ్గరికొచ్చి తాగడానికి నీళ్లడిగింది. ఆవిరక్క గ్లాసు అందించి, "నీకోసం ప్రార్థన చేస్తానమ్మా," అంది.

ప్రార్థన చేస్తుందట! ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక ఈ సోమవారం సంగతి. రెండు మిషన్లలో ఒకటి చచ్చి నాలుగు నెలలైంది. మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ "చూద్దాం" అన్నారు. రెండు మిషన్ల పని ఒక్కదాని మీదా, ఒక్క మనిషి మీదా పడింది. పొద్దున్నే హెడ్ సిస్టర్ వచ్చి తలమీద కూర్చుంది.

"అయిందా? ఇంకా ఎంతసేపు? పైన ముగ్గురు కాచుకుని ఉన్నారు."

ఆ హడావిడిలో అయిదు డ్రమ్ములు లోపలికి తోసింది. గంట తర్వాత తీసి, ఒక్కొక్కదాని చిల్లులు మూస్తూ వచ్చింది. నాలుగు మూసింది. అయిదోదాని దగ్గర రేకు జరపబోతే జరగలేదు. అది మూసే ఉంది. అంటే మూసినదాన్నే మిషన్లో పెట్టింది. లోపలికి ఆవిరి చేరనేలేదు.

ఆవిరి తగిలితే నల్లబడే టేపు ఒకటి డ్రమ్ము పైన అంటిస్తారు, చూస్తే అది నల్లగా ఉంది. నల్లబడదా మరి, అది ఉన్నది బయట కదా. ఆవిరి చేరిందో లేదో లోపల పెట్టే పట్టీలైతే చెప్పేవి, కానీ అవి అయిపోయి రెండు నెలలైంది.

"సిస్టర్, ఇది మూసి ఉండగానే పెట్టేశాను. మళ్లీ వేయాలి."

హెడ్ సిస్టర్ టేపు చూసింది. "నల్లబడింది కదా."

"అది బయటిది."

"పైన ఆవిడకు మత్తిచ్చేశారు. ఇప్పుడు గంట ఆగమంటావా? పెద్ద డాక్టరు నీ ఉద్యోగం ఊడగొడతారు, నాదీ కలిపి. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇటివ్వు."

అన్నం పెట్టే ఉద్యోగం. ఇంట్లో ఇద్దరే, ఇద్దరూ విధవలే, జీతం ఒక్కటి. ఆవిరక్క ప్రార్థించింది. మెత్తటి ప్రార్థన కాదు, పళ్లు నూరుతూ చేసింది. ప్రభువా, ఆ మేస్త్రి కాలు పోతుంటే ఎక్కడున్నావు? నువ్వు చూసుకో అన్నానుగా, ఏం చూశావు?

అడిగాక తనకే సిగ్గేసింది. చూసుకోమని పైకి తోసేసింది ఎవరు? మూట చేతిలో ఉన్నది ఎవరికి? సిలువ మోసినవాడిని నమ్ముకున్నానని ఊరంతా చాటుకుంటూ, ఒక తడి మూట బరువు మోయలేక ఆయన నెత్తిన పెట్టింది. ఆయన చూడమన్నది ఈ కళ్లతోనే, ఆపమన్నది ఈ చేతులతోనే. భయం మాత్రం పోలేదు. భయం పోతే ధైర్యం వస్తుందని ఇన్నేళ్లూ కాచుకుని కూర్చుంది పిచ్చిది.

హెడ్ సిస్టర్ డ్రమ్ము పట్టుకుంది. ఆవిరక్క లాక్కుని, మూత తీసేసి, గ్లవ్స్ లేని చేతిని మోచేతి దాకా బట్టల్లోకి దూర్చింది. మూత తీసిన డ్రమ్మును ఇక ఎవరూ వాడలేరు. ఆవిరి పట్టి ఉంటే మధ్యలో బట్ట కాలాలి, ఇది గోరువెచ్చగా ఉందంతే.

"నీకు మతి పోయిందా?" అంది హెడ్ సిస్టర్.

"ఇన్నాళ్లూ పోయింది. చెయ్యి పెట్టి చూడండి సిస్టర్."

పావుగంటలో పెద్ద డాక్టరు మెట్లు దిగి వచ్చాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. "ఎవరి నిర్వాకం ఇది?"

"నాదే సార్. చిల్లులు తెరవకుండా నేనే పెట్టాను. కానీ నాలుగు నెలల నుంచి రెండో మిషన్ చచ్చి పడుంది, లోపలి పట్టీలు లేవు. అదీ మీరు వినాలి." అక్కడితో ఆగొచ్చు. ఆగితే ఉద్యోగం నిలిచేదేమో కూడా. ఆగలేదు. "ఆ వెల్డింగ్ మేస్త్రి కాలు ఆయన తప్పు వల్ల పోలేదు. ఆ రోజు తడిసిన మూట పంపాను. తడిసిందని తెలిసే పంపాను."

హెడ్ సిస్టర్ గోడ వైపు తిరిగింది. పెద్ద డాక్టరు చెయ్యి డ్రమ్ములో పెట్టి, బట్ట తాకి, పైకెళ్లి ఆ రోజు ఆపరేషన్ వాయిదా వేశాడు. సాయంత్రం ఆవిరక్క చేతికి సస్పెన్షన్ కాగితం వచ్చింది. మిషన్ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

అత్తకు చెప్పింది. "ఇక తినేదేమిటే?" అంటూనే అత్త, "సర్లే, పిల్లి పులైతే ఇల్లు పస్తే," అని కంచం ముందుకు తోసింది.

ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలకు పిలిచారు. అందరూ ఆవిరక్క వైపు చూశారు. ఆమె లేచింది, మైకు వైపు కాక తలుపు వైపు నడిచింది. సరాసరి వెల్డింగ్ మేస్త్రి ఇంటికెళ్లింది. మేస్త్రి లోపలి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య గుమ్మంలోకొచ్చి గుర్తుపట్టింది. "నాకు నీళ్లిచ్చావు కదూ?"

ఆవిరక్క గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

మేస్త్రి భార్య ముఖం బిగుసుకుపోయింది. "ఏడవకు. నీ ఏడుపు నాకెందుకు? మేం మురికి మనుషులమని రాశారు. మూడుసార్లు ఫిర్యాదు పెడితే మూడుసార్లూ సాక్షి ఎవరని అడిగారు. ఇప్పుడు నాతో చెప్పిందంతా కాగితం మీద పెడతావా?"

"పెడతాను."

ఆమె లోపలికి పోయి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి తెచ్చింది. కూర్చోమనలేదు. ఆవిరక్క గడపకు కాగితం ఆన్చి, వంగి రాసింది. చివర ఆస్పత్రిలో ఎవరూ పిలవని తన పూర్తి పేరు రాసి, సంతకం పెట్టింది.

"తేదీ కూడా వెయ్యి," అంది మేస్త్రి భార్య.

వేసింది.