ఖాళీలు తీసేసిన పాట

నాకు అన్నం పెట్టిన సాఫ్ట్‌వేరూ, నన్ను ఏడిపించిన సాఫ్ట్‌వేరూ ఒకటే. పేరు చెప్పను, ఇప్పటికీ బతికే ఉంది. పాటలు రికార్డు చేసి, కోసి, అతికే ప్రోగ్రాం. తొంభైల చివర్లో మా బావగారు ఖాజాగూడలో ఒక ఇంటి ముందుగది కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టేనాటికే అది ఆ రంగంలో పాతకాపు. కాకినాడలో పదేళ్ళు వయొలిన్ నేర్చుకుని, కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, ఉద్యోగం దొరక్క అక్క ఇంట్లో తింటున్న నన్ను బావగారు దాని ముందు కూర్చోబెట్టారు. భక్తి పాటల కేసెట్లు, సబ్బుల ప్రకటనలు చేసేవాళ్ళం. మాదాపూర్ వైపు కొత్త ఆఫీసులు లేస్తున్న రోజులు కాబట్టి వాటి ప్రారంభోత్సవాలకు సంగీతం కూడా మేమే.

దాని మంచి ముందు చెప్పాలి. తాళం విషయంలో అంత నిక్కచ్చిగా ఉండేదాన్ని నేను చూడలేదు. అక్షరం జారితే విల్లుకర్రతో మోకాలి మీద కొట్టే మా గురువుగారు కూడా వేసవి మధ్యాహ్నాలు కాస్త జోగి జారేవారు. ఇది జారదు. పాడిన గొంతు తెర మీద గీతగా కనబడేది. ఆ గీతలో దగ్గును పట్టుకుని తీసిపారేస్తే, దగ్గినవాడికి కూడా గుర్తుపట్టడం చేతకాదు.

ఇక దాని బాధలు. దొంగ ప్రతి కాదని రుజువుకు ప్రింటరు తగిలించే చోట వేలెడంత బిళ్ళ ఒకటి గుచ్చి ఉంచాలి. అది కాస్త కదిలితే చాలు, నువ్వెవరో నాకు తెలియదన్నట్టు మూసుకుపోయేది. చేసిన తప్పు వెనక్కి తీసుకోవాలంటే ఒక్క అడుగే వెనక్కి. ఎక్కడ ఏముందో వెతుక్కోవడానికే సగం పూట. అన్నిటికన్నా పెద్ద రోత దాని ప్రశ్నలు. ఇది మూయమంటారా, అది దాచమంటారా, నిజంగానేనా అని పొద్దస్తమానం డబ్బాలు తెర మీదికి వచ్చేవి. ఎన్నిసార్లని చదువుతాం? ‘సరే’ నొక్కడం నా వేలికి అలవాటైపోయింది.

మా స్టూడియో వెనక గోడకు ఆనుకుని ఒక రాళ్ళు కొట్టే ఆయన, ఆయన భార్య ఉండేవారు. ప్లాట్ల చుట్టూ పాతే రాతి కడీలు చెక్కేవారు. గుట్టల్లో ఎక్కడ చూసినా ప్లాట్లే కాబట్టి వాళ్ళకు పనికి కొదవ లేదు. ఉలి మీద సుత్తె పడే చప్పుడు మా మైకులోకి వచ్చేసేది. మొదటిరోజే నేను గోడ మీంచి అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకుని, “గట్ల పరేషాన్ గాకు బిడ్డా. నీ పాట మొదలైనప్పుడు కిటికీకి ఎర్రగుడ్డ గట్టు. నేను ఆపుత” అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఎర్రగుడ్డ కనబడితే చాలు, ఎత్తిన సుత్తె ఎత్తినట్టే దించేసి కూర్చునేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఎర్రగుడ్డ లేనప్పుడు ఆ ఇద్దరూ పాడుకునేవారు. ఆయన ఒక చరణం అని ఆపుతాడు. ఆ ఆపిన చోట ఆవిడ అందుకుంటుంది. “పొద్దు వచ్చి రాయి మీద కూసుండె” అని ఆయన. “కూసుంటే కూసోని, సుత్తె దించకు” అని ఆవిడ. ఏ రెండు చరణాల మధ్యా ఒకే కొలత ఉండేది కాదు. ఒకసారి ఎక్కువ ఆగేవాడు, ఒకసారి తక్కువ. వింటుంటే నా పళ్ళు జివ్వుమనేవి. మా గురువుగారైతే ఈపాటికి మోకాళ్ళు వాయగొట్టేవారని నవ్వుకునేదాన్ని.

ఒక చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. రాతిదుమ్మేలే అనుకున్నారు. దవాఖానలో గడ్డ అన్నారు. ఆయన ఒక పొద్దున భార్యను వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ లోపలికి రాలేదు.

“బిడ్డా, సోమారం నా గొంతు కోసి తీసేస్తరట. పానం ఉంటది గని మాట ఉండదట. మా పాట జర నీ మిషిన్ల పట్టియ్యి” అన్నాడు.

బావగారు ఒక్క క్షణం ఆలోచించలేదు. “తప్పకుండానండీ, లోపలికి రండి” అన్నారు. నేను కిటికీకి ఎర్రగుడ్డ కట్టాను. కట్టాక ఎవరి కోసం కట్టానో అర్థమై నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఆవిడ మైకు ముందు నిలబడింది కానీ నోరు పెగల్లేదు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆయన నావైపు తిరిగి, “దాని గొంతు యాడికి పోతది? దాన్ది మల్ల పట్టొచ్చు. ఇయ్యాల నాది పట్టు. అది అందుకునే జాగలు ఇడిసిపెట్టి పాడుత” అన్నాడు.

అలాగే పాడాడు. ఆ బొంగురు గొంతుతో నాలుగు పాటలు. ప్రతి చరణం తర్వాతా ఆగి, ఆవిడ ఎదురుగా ఉన్నట్టే, “అందుకో పిల్లా” అనేవాడు. ఒకచోట “ఊఁ పిల్లా, నిద్రవోయినవా?” అని తనే నవ్వాడు. అరవై దాటిన ఆవిడని పిల్లా అంటున్నాడని నాకూ నవ్వొచ్చింది. కొండల్లాంటి చరణాల గీతల మధ్య చిన్న చిన్న బొడిపెల్లాగా ఆ మాటలు తెర మీద పడ్డాయి.

ఆయన దవాఖానలో ఉన్న వారంలో నేను ఆ పాటల్ని బాగుచేద్దామని కూర్చున్నాను. చెబితే సిగ్గు, కానీ ప్రేమతోనే కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి వాళ్ళ పాట కేసెట్టు పాటలా నున్నగా ఉండాలనుకున్నాను. ఖాళీలు తీసెయ్యమనే ఆజ్ఞ ఒకటి ఉండేది ఆ సాఫ్ట్‌వేర్‌లో. నొక్కాను. ఆ బొడిపెలు ఆవిడ పాడబోయే చోటికి అడ్డం కదా, వాటినీ ఏరి తీసేశాను. చరణాల్ని తాళానికి కట్టి, మధ్యన సరిగ్గా ఎనిమిదేసి తాళాక్షరాల జాగా వదిలాను. పదేళ్ళ వయొలిన్ చదువు ఆ పూట బాగా పనికొచ్చిందనుకున్నాను.

మర్నాడు బావగారు, “డిస్కు నిండిపోయిందమ్మా, కేసెట్టు పని ఉంది, వాడనివన్నీ తీసెయ్” అన్నారు. వాడని ముక్కలన్నీ ఒక్క దెబ్బకు చెరిపే ఆజ్ఞ కూడా ఉంది. నొక్కాను. డబ్బా ఒకటి వచ్చింది. ఎప్పటిలాగే ‘సరే’ అన్నాను. ఆ ఒక్క డబ్బాలో మాత్రం ఇది మళ్ళీ తిరిగి రాదు అని రాసి ఉంటుందట. కంప్యూటర్ వచ్చాక టేపు మీద ఇంకో ప్రతి పట్టి ఉంచడం మేం మానేశాం. టేపులు దండగ అని బావగారికి చెప్పిందీ నేనే.

నెల తర్వాత ఇద్దరూ వచ్చారు. ఆయన మెడకు తెల్లగుడ్డ. చిక్కిపోయాడు. కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, మీరు అందుకోవలసినవి పాడండమ్మా అన్నాను, ఏదో బహుమతి ఇస్తున్నదానిలా.

మొదటి చరణం అయింది. ఆవిడ నోరు తెరిచి ఊరుకుంది. రెండో చరణం వచ్చేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

“ఏంది బిడ్డా గిట్లుంది? ఆయన నన్ను పిలుస్తలేడేంది?”

మీరు పాడాల్సిన చోటు ఖాళీగానే ఉంచానమ్మా అన్నాను.

“పిలువకుంట నేనెట్ల అందుకుంట? పాట నాకు ఎర్కనే బిడ్డా, పాట కోసం రాలే. నన్ను పిల్లా అనే మాట ఇగ ఆయన నోట్లకెళ్ళి రాదు. గది ఇంట్ల పెట్టుకుని ఇందామనే వస్తి.”

అప్పుడు అర్థమైంది నాకు. వెతికాను. డిస్కంతా వెతికాను. ఒక్క అడుగే వెనక్కి వెళ్ళే ఆ సాఫ్ట్‌వేర్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను, చివరికి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. తప్పు దానిది కాదు. అది అడిగింది, నేనే చదవలేదు. రెండేళ్ళు నా పాటల కోసం నోరు మూసుకుని కూర్చున్న మనిషి, తన పాటలో ఆగితే నేను ఓర్చుకోలేకపోయాను.

 

ఆయనే లేచాడు. నా తల మీద చెయ్యి పెట్టి, తెర వైపు చూపించి, మళ్ళీ పెట్టమని సైగ చేశాడు. ఇంకో హెడ్‌ఫోన్ చెవులకు పెట్టించుకుని, వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. చరణం ఆగిన చోట ఆవిడ కళ్ళలోకి చూస్తూ నోరు కదిపాడు. శబ్దం లేదు. ఏమన్నాడో గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆవిడ అందుకుంది. నేను కొలిచి పెట్టిన ఎనిమిది అక్షరాలు ఆ ఇద్దరికీ చాలలేదు. నేను రికార్డింగ్ ఆపి, ప్రతి ఖాళీనీ ఆయన పెదవులు చూసుకుంటూ పెంచాను. అంత ఓపిగ్గా ఆ ప్రోగ్రాం నా మాట వినడం అదే మొదటిసారి.

నాలుగు పాటలూ అయ్యాయి. ఆయన పెదవులు కదిలిన చోటల్లా తెర మీద సన్నటి తిన్నని గీత ఉంది. కేసెట్టు మీదికి ఎక్కించబోతుంటే ఆవిడ వచ్చి నా వెనక నిలబడి, ఆ గీత మీద వేలు పెట్టింది.

“గీ జాగలు గిట్లనే ఉంచు బిడ్డా, ముట్టకు. ఆయన పిలుస్తుండు ఆడ.”