మా బావ ముక్కు, మా అక్క ఊపిరి

మా బావ తాగి పడుకున్నాడని, అందుకే ఆయన పనిచేసే షెడ్డు తగలబడబోయిందని అందరూ చెప్పుకుంటున్నారు. అదేం కాదు. ఆయన తాగేది టీ ఒక్కటే, అదీ చక్కెర తక్కువైతే అలుగుతాడు. అక్క మొగుడు కాబట్టి వెనకేసుకొస్తున్నాననుకుంటే అనుకోండి గానీ, జరిగింది వేరు.

ఆయన పని మొక్కజొన్న కండెలు వేపడం. గింజలు ఒలిచాక మిగిలే కండెల్ని పెద్ద ఇనప డ్రమ్ములో పోసి, మూత బిగించి, కింద మంట పెడతాడు. లోపలికి గాలి పోకూడదు. పోయిందా, అంతా బూడిదే. గాలి తగలకుండా వేగితే కాఫీ రంగుకు తిరిగి, బాయిలర్లలో బొగ్గుకు బదులు మండుతాయి. మంట ఎప్పుడు లాగెయ్యాలో పొగగొట్టం దగ్గర వాసన చెబుతుంది. మొదట తడిచెక్క వాసన, తర్వాత పాకం వాసన, ఆ తర్వాత ముక్కులో గుచ్చే పులుపు. ఆ పులుపు తగలగానే లాగెయ్యాలి. వేడి చూపించే మీటరుంది గానీ, అది డ్రమ్ము ఒంటి సంగతి చెబుతుంది, కడుపులో సంగతి చెప్పదు.

ఆమధ్య వచ్చిన జ్వరంలో బావకు వాసన పోయింది. తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ వాసన రాలేదంటే కండెలు పచ్చిగా ఉన్నట్టే కదా, ఆ రోజూ అదే అలవాటులో, ఎంతకీ వేగడం లేదేమిటని మూత తెరిచి చూశాడు. భగ్గుమంది. ఆయన కనుబొమలు పోయాయి, షెడ్డు రేకులు నల్లబడ్డాయి.

"నిద్రపోయావా?" అని యజమాని అరిస్తే "అవునండీ" అన్నాడు.

"లేని నిద్ర నెత్తినేసుకున్నావేం బావా?" అని నేను నిలదీశాను.

"నిద్రపోతే తిట్టి ఊరుకుంటారు మరదలు పిల్లా. ముక్కు లేదంటే ఇంటికి పంపేస్తారు."

"నా ముక్కుందిగా," అంది అక్క, క్యారేజీ తోముతూ.

అప్పట్నుంచి అక్క రోజూ క్యారేజీ పట్టుకుని షెడ్డుకెళుతోంది. గొట్టం పక్కన నిలబడి, పులుపు తగలగానే "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది!" అని కేకేస్తుంది. బావ మంట లాగేస్తాడు.

"ఏంటోయ్, ఈ వయసులో కొత్త కాపురమా?" అంటాడట యజమాని. బావ సిగ్గుపడినట్టు నవ్వుతాడట.

కానీ అక్కకు ఉబ్బసం. పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మొన్న కేక సగంలోనే దగ్గులో కలిసిపోయింది. మంట లాగాలో, మనిషిని పట్టుకోవాలో తెలియక బావ అలాగే నిలబడిపోయాడు. అక్కే చెయ్యి ఊపుతూ మంట చూపించింది.

ఇంటికొచ్చాక, "రేపట్నుంచి రాకు," అన్నాడాయన.

"నేను రాకపోతే వాసనెవరు చూస్తారు, మీ యజమానా?"

యజమానికి చెబితే బావ పని పోతుంది, ఆయనకు వచ్చిన పని అదొక్కటే. చెప్పకపోతే అక్క ఊపిరి. నేనే వెళ్ళి నిలబడదామంటే మంచం పట్టిన మా అత్తగారిని వదిలి అంతసేపు గడప దాటలేను.

అటు వెళ్ళేవాళ్ళు ఆ షెడ్డు దగ్గర కాస్త ఆగండి. అక్క గొట్టం పక్కన కనిపిస్తే ఏదో ఒక కబురు చెప్పి బయట గాలిలోకి తీసుకురండి. మంట లాగేశాకే పిలవండి, ముందు పిలిస్తే రాదు. ఎలా ఉందో చూసి నాకు చెప్పండి. నేనడిగితే బాగానే ఉన్నానంటుంది.