నాన్న అప్పజెప్పిన అక్షరాలు

ఆ వేసవి సెలవుల్లో అమ్మ నన్ను నాన్న మీద కాపలా పెట్టింది. నాకు తొమ్మిదేళ్లు. డెబ్బైల చివరి రోజులు. ఓడరేవు దగ్గర క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికల్లా ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము పేరుకునేది.

నాన్న రేవులో క్రేను నడిపేవాడు. పొద్దుటి డ్యూటీ దిగి రెండున్నరకి ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, చాప మీద పడుకుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. ఆ ఏడు ఎండలు ముదిరాక వరస మారింది. తినగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. సైకిలు మాత్రం గోడకే ఉండేది.

“ఈ ఎండలో ఎక్కడికెల్తన్నావ్ మావా?” అంది అమ్మ ఓ రోజు. అమ్మ నాన్నకి సొంత అక్క కూతురు. పెళ్లయి పదేళ్లు దాటినా మావా అనే పిలిచేది.

“పనుంది.”

“సైకిలుంది కదా, బస్సెందుకు?”

“టైరు బాగోలేదు.”

ఆయన వీధి మలుపు తిరిగాక అమ్మ రెండు టైర్లూ వేలితో నొక్కి చూసింది. రాయిలా ఉన్నాయి. ఆ సాయంత్రం నాన్న చొక్కా నానబెట్టేముందు వాసన చూసింది. గుమ్మంలో నన్ను గమనించి, “ఏటలా సూస్తన్నావ్? పోయి సదువుకో” అంది. సెలవుల్లో ఏం చదువుకోవాలో నాకు తెలీలేదు.

మర్నాడు నన్ను దగ్గరికి పిలిచింది. “నాన్నతో నువ్వూ ఎల్తానను. ముంజలు కావాలని ఏడు. ఎవలింటికెల్తన్నాడో సూసొచ్చి నాకు సెప్పు.”

ఏడవక్కర్లేకపోయింది. నాన్న కాసేపు ఆలోచించి నా చెయ్యి పట్టుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నాకు వింతగా అనిపించింది. అమ్మని నమ్మించడానికి కాదు కదా అనుకున్నాను.

బస్టాపులో వచ్చే ప్రతి బస్సునీ చూపించి, “బోర్డు సదువమ్మా” అన్నాడు. గాజువాక, పెందుర్తి అని గట్టిగా చదివాను. నేను చదివేటప్పుడల్లా ఆయన ఎడమకన్ను అరచేత్తో మూసుకునేవాడు. దుమ్ము పడిందేమో అనుకున్నాను.

ద్వారకా నగర్లో దిగాం. సందులో చిన్న కళ్లద్దాల కొట్టు, అందులో ఒక ముసలాయన. నాన్న నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, గోలీసోడా చేతికిచ్చి, లోపలికెళ్లి తెర లాగాడు. తెర సందులోంచి చూశాను. ఎదురుగోడకి ఇంగ్లీషు అక్షరాల అట్ట. పైన పెద్దవి, కిందికెళ్లే కొద్దీ చిన్నవి. నాన్న ఎడమకన్ను మూసుకుని గడగడా చదివేస్తున్నాడు.

ఇంటికొచ్చి అదే చెప్పాను. అమ్మ నమ్మలేదు.

“అద్దాలు పెట్టుకోనోడికి అద్దాల కొట్లో రోజూ ఏటి పని? ఆ ముసిలాయనకి కూతుళ్లున్నారా?”

“నాను సూళ్లేదు.”

“ఈసారి సరింగా సూడు.”

మూడోసారి వెళ్లినప్పుడు కూతుళ్ల కోసమే తెర దగ్గర నిలబడ్డాను. నాన్న ఎడమకన్ను మూసుకున్నాడు. ముసలాయన చప్పుడు కాకుండా ఇంగ్లీషు అట్ట తీసేసి ఇంకోటి తగిలించాడు. తెలుగు అట్ట. పైన ఇంత పెద్ద ‘గ’ ఉంది, నేనున్న చోటికి కూడా కనబడుతోంది. నాన్న ఇంగ్లీషు అక్షరాలే చెప్పుకుంటూ పోయాడు. ఒక్క తడబాటు లేకుండా, ఆఖరి వరస దాకా.

“బాబూ, అట్ట మార్చేను,” అన్నాడు ముసలాయన మెల్లగా.

నాన్న చెయ్యి తీసి గోడ వైపు చూశాడు. తర్వాత తెర వైపు తిరిగాడు. నేను దొరికిపోయాను.

బస్సులో, “నువ్వు సదవలేదు నాన్నా, అప్పజెప్పేవు” అన్నాను.

నాన్న నా చెవి దగ్గరికి వంగాడు. “కుడికంటి నరం ఎండిపోతందట. వచ్చేవారం ఆఫీసు డాట్రు కళ్లు సూస్తాడు. కనబడదని తెలిస్తే నన్ను క్రేను మీంచి దించీస్తారు. మీ అమ్మకి సెప్పకు.”

“కూతుళ్లు లేరు,” అని అమ్మకి చెప్పాను. అది నిజమే. “ఇంకేటి?” అంది. ఇంకేమీ లేదన్నాను. అప్పట్నించి అమ్మ నన్ను కూడా ఓరకంట చూడ్డం మొదలెట్టింది. నేను నాన్నని చూసేదాన్ని. కుడిపక్క పెట్టిన మంచినీళ్ల గ్లాసు తన్నేస్తాడేమోనని అన్నం తినేటప్పుడు కన్నార్పేదాన్ని కాదు.

కళ్ల పరీక్ష రోజున నాన్న పన్నెండింటికే ఇంటికొచ్చేశాడు. అమ్మ ఆవకాయకి ముక్కలు కొడుతోంది.

“డాట్రు పాసన్నాడు,” అన్నాడు గుమ్మంలోనే.

“ఏటి పాసు?”

నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. డాక్టరు దగ్గరా అదే ఇంగ్లీషు అట్ట ఉందట. కన్ను బాగుందని రాసిచ్చాడట. వెంటనే వెళ్లి క్రేనెక్కాడు. కింద కూలీలు బస్తాలు వలలో సర్దుతున్నారు. వల ఎత్తబోయేసరికి కుడివైపు మనిషి ఉన్నాడో లేడో తెలీలేదు. తల పూర్తిగా తిప్పి చూస్తే, ఉన్నాడు. క్రేను ఆపేసి, దిగి, ఫోర్‌మేనుకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“డాట్రు నన్ను నమ్మీసినాడు,” అన్నాడు. “నానే నమ్మలేకపోనాను.”

అమ్మ కత్తి పక్కన పెట్టింది. “పిల్లకి తెలుసా?”

నాన్న తలూపాడు.

“పిల్లకి సెప్పినావు. నాకు సెప్పలేకపోనావు,” అంది. రెండు రోజులు మా ఇద్దరికీ అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. మూడోరోజు తనే ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడా కంటి నరం ఎండిపోతోందనే చెప్పారు. నాన్నని గోడౌను పనికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. పోవడానికి ముందటి వేసవిలో, ఇద్దరం వరండాలో కూర్చున్నప్పుడు, ఎన్నాళ్లుగానో లోపల ఉన్నది అడిగాను. కన్ను కనబడకుండా ఎన్నాళ్లు క్రేను నడిపావు నాన్నా అని.

“ఎన్నాళ్లో కాదు. ఆ ఎండాకాలమే,” అన్నాడు.

నా ప్రశ్న పూర్తి కాకముందే, ఆ అట్ట మీది అక్షరాల్లాగే తడబాటు లేకుండా వచ్చింది ఆ జవాబు. రెండోసారి అడగలేదు. ఆ క్రేను కింద పనిచేసిన మనుషులు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తారు. వాళ్లెవరో నాకు తెలీదు.