మా మరిది గీసిన సన్న గీత

మొన్న సోమవారం పొద్దున, కాఫీ చల్లారకముందే, రాజమండ్రిలో మా మరిది పోయాడని అతని కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనేనట. ఒక్క ‘క్ష’ గీయడానికి ఎండాకాలమంతా తీసుకున్న మనిషి, ఈ పని మాత్రం చిటికెలో ముగించాడు.

అతని పేరు మీకు తెలియకపోవచ్చు గానీ చేతిపని చూసే ఉంటారు. పూతరేకుల పెట్టెల మీద, పట్టుచీరల కొట్ల సంచుల మీద, శుభలేఖల మీద కనబడే ఆ నాజూకు అక్షరం అతనిదే. మలుపు దగ్గర నిండుగా లావు, అక్కణ్ణుంచి జారుతూ వెంట్రుకంత సన్నం, కొసన చిన్న పాదం. ఆ పాదాన్ని సెరిఫ్ అంటారట. ఇంగ్లీషు అక్షరాలకున్న ఆ సొగసు మన గుండ్రటి అక్షరాలకీ తేవాలని పంతం. తన ప్రెస్సులో పని ఉన్నా లేకున్నా గీసుకుంటూ కూర్చునేవాడు. సన్న గీత అచ్చులో నిలవదు, లావు చెయ్యమని చెప్పనివాళ్లు లేరు.

“లావు గీత బరువు మోస్తుంది వదినా, సన్న గీత నవ్వుతుంది” అనేవాడు.

“నవ్వితే సరే, కనబడి నవ్వమను” అనేదాన్ని.

కనబడలేదు. మా మనవరాలి శుభలేఖ అతనే వేశాడు. క్రీము కాగితం, బంగారు రంగు. పెద్ద సైజులో పేర్లు మహారాణుల్లా ఉన్నాయి. కింద కల్యాణమంటపం చిరునామా చిన్న సైజు. సన్న గీతలన్నీ ఎగిరిపోయి, చింతపిక్కలు చల్లినట్టు లావు ముక్కలే మిగిలాయి. పెళ్లినాడు భీమవరం చుట్టాలు సామర్లకోట స్టేషన్లో దిగి, ఎటు వెళ్లాలో తెలీక ఒకటే ఫోన్లు. భోజనాల దగ్గర మరిది నా పక్కన చేరాడు.

“కార్డు ఎలా ఉంది వదినా?”

“అద్భుతమయ్యా. పెళ్లికి తప్ప దేనికైనా పనికొస్తుంది.”

నవ్వాడు గానీ గుత్తివంకాయ ముట్టలేదు.

మర్నాటి నుంచి చిన్న సైజుకి వేరే అక్షరం మొదలెట్టాడు. అదే ఒంపు, అదే పాదం. సన్న గీత మాత్రం ఒక పిసరు లావు. పెద్ద అక్షరం జోలికి పోలేదు. ప్రతి ప్రూఫూ బస్సెక్కి మా ఊరు, మా వరండాకి తెచ్చి, “కళ్లద్దాలు తియ్యండి వదినా” అనేవాడు. నేను చదవగలిగితే పాసు. లేదంటే కాగితం మడిచి ఇంటిదారి పట్టేవాడు. ఉద్యోగమంతా పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, అంత హుషారుగా తప్పి మళ్లీ వచ్చే విద్యార్థిని చూడలేదు. మా ఇంట్లో నా నాలుక ఒకరికి పనికొచ్చిందంటే అతనికే.

“నేను పోయాక మాత్రం ఆ మొద్దు నల్ల అక్షరాల కార్డు వేయించకండి వదినా. చచ్చినవాడి పేరు కాస్త అందంగా ఉంటే ఏం పోతుంది?” అన్నాడొకసారి.

నిన్న పెద్దకార్యం కార్డు ప్రూఫు పట్టుకుని కూతురు వచ్చింది. నాన్న అక్షరంలోనే వేసింది.

“పెద్దమ్మా, నాన్న పేరులో సన్న గీత విరుగుతుందేమోనని భయంగా ఉంది. కాస్త లావు చెయ్యనా?”

“ముట్టుకున్నావంటే మీ నాన్న లేచొస్తాడు. ఇలా ఇవ్వు.”

కళ్లద్దాలు తీసి చేయి చాచి పట్టుకున్నాను. కింద చిన్న అక్షరంలో భోజనాల వేళ, వీధి పేరు, అన్నీ గడగడా చదివాను. పాసు. పైన అతని పేరు. చివరి అక్షరం లావుగా మలుపు తిరిగి, సన్నబడి, ఇంకా సన్నబడి, ఇక లేదనుకున్న చోట చిన్న పాదం మోపి నిలబడి ఉంది.